నెత్తురు చుక్కలో ఇనుప రేణువుల లెక్క

రక్తంలో ఇనుముంది కదా తాతయ్యా, మరి అయస్కాంతం దగ్గర పెడితే వేలు దానికి అతుక్కోదేం? పిల్లలన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడక్కుండా ఉండరు. పెద్దవాళ్లు మాత్రం అడగరు. తిన్నగా వెళ్లి అయస్కాంతపు కడియం కొనుక్కొచ్చి చేతికి వేసుకుంటారు. రక్తప్రసరణ బాగవుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది మరి!

మనిషి ఒంట్లో ఇనుమంతా పోగేస్తే మూడు నాలుగు గ్రాములు ఉంటుంది. అందులో ఎక్కువ వాటా ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లోనే. అయితే అది మేకులో ఉన్నట్టు ఇనుము పక్కన ఇనుముగా ఉండదు. ఒక్కొక్క పరమాణువు ఒక పెద్ద ప్రోటీన్ గొలుసు మడతల నడుమ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. కోటానుకోట్ల పరమాణువులు దగ్గర దగ్గరగా చేరి, అన్నీ ఒకే దిక్కుకు తిరిగితేనే మనకు తెలిసిన లాగుడు పుడుతుంది. 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కొరియెల్ అమెరికాలో హీమోగ్లోబిన్ మీద అయస్కాంతం ప్రభావాన్ని కొలిచి చూశారు. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగకపోగా రవ్వంత అవతలికి నెడుతుంది. ఆక్సిజన్ దించేసినదాన్ని రవ్వంత లాగుతుంది. రెండూ రవ్వంతే. ఎంఆర్‌ఐ గొట్టంలో మనిషి చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రానికి ముప్పై వేల రెట్లకు పైనే. అందులో పడుకున్నవాళ్ల నెత్తురు ఒక పక్కకు చేరిపోవడం ఎవరైనా విన్నారా? కడియం డబ్బు దండగ.

కానీ పిల్లలూ, నెత్తురుకు అయస్కాంతంతో పెద్దగా సంబంధం లేకపోవడమే శాస్త్రవేత్తలకు అందివచ్చింది. ఎలాగో చెబుతాను.

గుండెపోటు వచ్చినప్పుడు గుండె కండరం దెబ్బతిని అందులోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ నెత్తురులోకి కారుతుంది. ఆస్పత్రిలో డాక్టరుగారు 'ట్రోప్ చేయించారా?' అని అడిగేది దీన్ని గురించే. ట్రోపోనిన్‌లో టి అనే రకం ఉంది. దాన్ని కొలిచే ఇప్పటి సునిశిత పరీక్షలో ఆరోగ్యవంతులకు గీసిన పైహద్దు ఒక మిల్లీలీటరుకు 14 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అదే మిల్లీలీటరులో ఆల్బుమిన్ అనే మామూలు ప్రోటీన్ 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ట్రోపోనిన్ ఒక గ్రాము ఉన్నచోట ఆల్బుమిన్ దాదాపు 300 కోట్ల గ్రాములు ఉన్న లెక్క. ఆ మందలోంచి ఈ ఒక్కదాన్ని పట్టి, ఎంత ఉందో చెప్పాలి. అదీ అరగంటలో చెప్పాలి, గుండెపోటు మనకోసం ఆగదు కదా!

మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. ట్రోపోనిన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలను ఒక ఉపరితలం మీద నాటుతారు. నమూనా పోస్తారు. ట్రోపోనిన్ ఆ యాంటీబాడీలకు అంటుకుంటుంది. ఆ తర్వాత రెండో యాంటీబాడీని వదులుతారు. దాని ఒంటికి ఏదో ఒక గుర్తు కట్టి ఉంటుంది. ఆ గుర్తులెన్నో లెక్కపెడితే ట్రోపోనిన్ ఎంతో తెలుస్తుంది. 1971లో స్వీడన్‌లో పుట్టిన ఎలైజా పరీక్షలో ఆ గుర్తు ఒక ఎంజైమ్, రంగు తెప్పిస్తుంది. మరికొన్నింటిలో వెలుగునిచ్చే అణువు ఉంటుంది. ఇక్కడో చిక్కుంది. నెత్తురుకు తన రంగు తనకుంది. కణాలు తీసేసినా మిగిలిన ప్లాస్మా పసుప్పచ్చగా ఉంటుంది, నమూనా తీసేటప్పుడు కణాలు చితికితే ఎర్రబారుతుంది. కొన్ని పదార్థాలు తమంతట తామే మెరుస్తాయి. రంగుల మధ్య రంగును వెతకడం మాటలు కాదు. అదే గుర్తుగా ఇనుప ఆక్సైడ్ రేణువును కట్టారనుకోండి, దానికి పోటీ వచ్చేది నెత్తురులో ఏదీ లేదు. కనబడిన అయస్కాంతమంతా మనం వేసినదే.

మరి ఆ రేణువును పసిగట్టేదెవరు? ఇక్కడ కథ కంప్యూటర్ల వైపు తిరుగుతుంది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా ఒకే వింత చూశారు. ఇనుము, క్రోమియం పొరలను కొన్ని పరమాణువుల మందాన ఒకదానిమీద ఒకటి పేర్చి అయస్కాంత క్షేత్రంలో పెడితే, వాటిగుండా కరెంటు పోవడానికి ఉండే నిరోధం ఒక్కసారి పడిపోయింది. ఫెర్ బృందం బాగా చల్లబరిచి చూసిన నమూనాలో నిరోధం దాదాపు సగానికి తగ్గింది. పక్కపక్క అయస్కాంత పొరలు రెండూ ఒకే దిక్కు చూస్తుంటే ఎలక్ట్రాన్లు సులువుగా దాటుతాయి, ఎదురుబొదురుగా ఉంటే తడబడతాయి. దీనికి జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్ అని పేరు పెట్టారు, పొట్టిగా జీఎంఆర్. 1997కల్లా ఐబీఎం వాళ్లు దీన్ని హార్డ్‌డిస్కు చదివే తలలో పెట్టి అమ్మేశారు. కనుక్కున్న ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది.

డిస్కు మీద చిట్టి అయస్కాంతపు మచ్చను చదవగలిగినది, నెత్తురులో చిట్టి అయస్కాంత రేణువును చదవలేదా? ఈ ఆలోచన అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో డేవిడ్ బాసెల్ట్ బృందానికి వచ్చింది. 1998లో వాళ్లు ప్రకటించిన పరికరం పేరు బార్క్. మన ట్రాంబేలోని బార్క్ కాదు, ఇది అయస్కాంతపు పూసలను లెక్కపెట్టే యంత్రం, ఇంగ్లీషు పేరు కుదిస్తే ఆ అక్షరాలే వచ్చాయి. నౌకాదళం వాళ్లకు కావలసింది గుండెజబ్బుల పరీక్ష కాదు, శత్రువు చల్లే రోగక్రిములను పట్టే పెట్టె. డబ్బు అందుకని వచ్చింది. సైన్సులో ఇది కొత్తేమీ కాదు.

అప్పటినుంచీ ఈ రంగంలో అందరూ అనే మాట ఒకటే: సునిశితత్వం పెంచాలి. అంటే ఇంకా తక్కువ పదార్థం ఉన్నా పట్టగలగాలి. మొదట అందరికీ తట్టిన దారి, సెన్సర్‌నే మరింత పదునుగా చేయడం. జీఎంఆర్ పొరల మధ్య లోహం ఉంటుంది. దాని స్థానంలో కరెంటు పారని అతి పల్చటి పొర పెట్టి, ఎలక్ట్రాన్లు అందులోంచి క్వాంటం దొంగదారిన అవతలికి దాటేలా చేస్తే మార్పు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఇది పనిచేస్తుందని 1995లో చూపించినవాళ్లలో ఒకరు ఎంఐటీలోని జగదీశ్ మూడేరా. ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసిన మనవాడే. అదే ఏడాది జపాన్‌లో మియజాకి బృందమూ చూపించింది. మధ్య పొరగా మెగ్నీషియం ఆక్సైడ్ వచ్చాక నిరోధంలో మార్పు గది ఉష్ణోగ్రతలోనే 600 శాతం దాటింది. జీఎంఆర్ సెన్సర్లలో ఇది సాధారణంగా పది శాతం చుట్టుపక్కలే.

అరవై రెట్లు మెరుగన్నమాట! అయితే పని అయిపోయినట్టేనా? అబ్బే. సంకేతంతోపాటు రొద కూడా పెరిగింది. సెన్సర్ ఊరికే కూర్చుని ఉన్నా దాని నిరోధం కాస్త అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు నెమ్మదైన లయల దగ్గర మరీ ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. క్వాంటం దొంగదారి సెన్సర్లకు ఈ జబ్బు ఇంకా ఎక్కువ. దానికి తోడు గోడలోని వైర్లలో పారే మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర జుమ్మంటూ ఉంటుంది. సంకేతం పెద్దదా చిన్నదా అన్నది కాదు, రొదకన్నా ఎంత పెద్దది అన్నదే లెక్కకొస్తుంది.

దీనికి ఇంజనీర్లు వేసిన ఎత్తు నాకు చాలా నచ్చింది. తిరునాళ్లకు వెళ్లారనుకోండి. ఒక పక్క మైకు, ఒక పక్క రంగులరాట్నం, బూరలు, జనం. ఆ గోలలో దూరంగా మీ మావయ్య చిడతలు వాయిస్తున్నాడు. ఊరికే చెవి పెడితే వినబడదు. కానీ ఏ తాళంలో వాయిస్తాడో ముందే అనుకుని ఉన్నారనుకోండి, అదే తాళం మీరు మనసులో వేసుకుంటూ కాసేపు నిలబడితే, తాళంతో కలవని చప్పుళ్లు జారిపోయి చిడతలు తేలతాయి. ఎంతసేపు వింటే అంత స్పష్టం. సరిగ్గా ఇదే పని చేసే సర్క్యూట్‌ను లాకిన్ యాంప్లిఫైయర్ అంటారు. అయస్కాంత సెన్సర్లలో ఇంకో మెట్టు ఎక్కి రెండు తాళాలు వాడతారు. సెన్సర్‌లోకి పంపే కరెంటును ఒక వేగంతో ఊపుతారు, బయటి అయస్కాంత క్షేత్రాన్ని మరో వేగంతో ఊపుతారు. నిరోధం క్షేత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండు వేగాల మొత్తం దగ్గర, తేడా దగ్గర కొత్త సంకేతాలు రెండు పుడతాయి. రేణువులు వాలేకొద్దీ వాటి బలం మారుతుంది. రొద తక్కువగా ఉన్న చోట అవి పడేలా వేగాలు ఎంచుకోవడం మన చేతిలో పని. కొత్త లోహం లేదు, కొత్త పొర లేదు, ఉన్న సెన్సరే, అయినా పట్టే శక్తి బాగా పెరుగుతుంది.

ఇక దూరం సంగతి. చిన్న అయస్కాంతపు క్షేత్రం దూరంతో ఎంత గబగబా పడిపోతుందో తెలుసా? దూరం రెండింతలైతే క్షేత్రం ఎనిమిదో వంతు, మూడింతలైతే ఇరవై ఏడో వంతు. కాబట్టి రేణువు సెన్సర్‌కు ఎంత ఆనుకుని ఉంటే అంత మంచిది. అలాగని లోహపు పొరలను తెరిచి పెడదామంటే, నెత్తురంటే ఉప్పునీరే, తినేస్తుంది. అందుకని పైన సిలికాన్ ఆక్సైడ్ లాంటి గాజు పొర కప్పుతారు. పొర మందమైతే సంకేతం చస్తుంది, మరీ పలచనైతే కంటికి కనబడని రంధ్రాల్లోంచి ఉప్పునీరు దూరి సెన్సరే చస్తుంది. తొలినాళ్లలో దాదాపు మైక్రాన్ మందం ఉన్న ఈ పొరను ఇప్పుడు కొన్ని పదుల నానోమీటర్లకు దించారు. పేరుకు రక్షణ పొరే గానీ, సునిశితత్వాన్ని పెంచిన ఘనతలో దానిది పెద్ద వాటా. పత్రికల్లో దాని పేరు రాదు.

ఈ దూరం గొడవలో ఒక లాభం కూడా ఉంది. ఉపరితలం నుంచి వందా నూటయాభై నానోమీటర్లలోపు వాలిన రేణువునే సెన్సర్ బాగా గుర్తిస్తుంది. పైన ద్రవంలో తేలుతున్నవి దాని లెక్కలోకి రావు. అంటే అంటుకోని రేణువులను కడిగి పారబోయాల్సిన అవసరం తగ్గుతుంది. పరీక్షల ల్యాబులో పనిచేసినవాళ్లను అడగండి, సగం శ్రమ కడగడంలోనే ఉంటుందని చెబుతారు.

రేణువు ఎంత ఉండాలి? నార్వేలో యాన్ ఉగెల్‌స్టాడ్ 1976లో ప్లాస్టిక్ పూసలను అన్నీ ఒకే సైజులో చేసే విద్య కనిపెట్టాడు. వాటిలో ఇనుప ఆక్సైడ్ నింపి అమ్మితే ప్రపంచంలోని జీవశాస్త్ర ప్రయోగశాలలన్నీ కొన్నాయి. అవి ఒకటి నుంచి నాలుగున్నర మైక్రాన్ల దాకా ఉంటాయి. ఒక మైక్రాన్ పూస అడ్డకొలతలో 50 నానోమీటర్ల రేణువుకు ఇరవై రెట్లే, ఘనపరిమాణంలో ఎనిమిది వేల రెట్లు. ఒక్క పూస వాలినా సెన్సర్‌కు తెలిసిపోతుంది. కానీ పెద్ద పూస మందకొడి, అడుగున పేరుకుంటుంది, ఒక్కటే నాలుగైదు ట్రోపోనిన్లను కప్పేసి లెక్క చెడగొడుతుంది. చిన్న రేణువు నమ్మకస్థుడు, ఒకటికి ఒకటిగా పోతుంది, కాకపోతే గొంతు చిన్నది. పైగా ఇనుప ఆక్సైడ్ స్ఫటికం ఇరవై నానోమీటర్ల సుమారుకు తగ్గితే దాని అయస్కాంత దిశ వేడి తాకిడికే నిలకడలేక తిరుగుతూ ఉంటుంది. బయట క్షేత్రం లేకపోతే అయస్కాంతమే కానట్టు ఉంటుంది, పెట్టగానే లేచి వరస కడుతుంది. ఇది లోపం కాదు, వరం. లేకపోతే రేణువులన్నీ సీసాలోనే ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయేవి. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ వాంగ్ బృందం చిన్న రేణువులనే నమ్ముకుంది. 2009లో వాళ్లు నేచర్ మెడిసిన్‌లో రాసిన పత్రంలో నాకు ముఖ్యంగా తోచింది రికార్డు అంకె కాదు. నెత్తురులోనైనా, మూత్రంలోనైనా, లాలాజలంలోనైనా ఒకే లెక్క వస్తుందని చూపించడం. ఇందాక అన్నానే, నెత్తురుకు అయస్కాంతం పట్టదని, ఆ ఫలం అనుభవంలోకి వచ్చింది ఇక్కడే.

ఇంతవరకూ విని, సెన్సర్‌ను బుల్లి బుల్లిగా చేసుకుంటూ పోతే ఒక్క అణువును కూడా పట్టొచ్చు కదా అనుకుంటారు మీరు. చాలామంది పెద్దలూ అలాగే అనుకున్నారు. 2005లో అదే అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ షీహన్, లాయిడ్ విట్‌మన్ కాగితం, కలం పట్టి లెక్క వేశారు. అణువు దానంతట అది ద్రవంలో దేకుతూ సెన్సర్ దాకా రావాలి. పదార్థం మరీ తక్కువగా ఉండి, సెన్సర్ నానోమీటర్ల సైజులో ఉంటే, ఒక్క అణువు వచ్చి తగలడానికే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుందని తేలింది. ఎంత పదునైన సెన్సరైతే ఏం లాభం, చుట్టం ఇంటికే రాకపోతే? ఈ లెక్క చాలామంది ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. చల్లాల్సిన నీళ్లే అవి. పూసలను లెక్కపెట్టే యంత్రం కట్టినవాళ్ల గూటి నుంచే ఆ లెక్క రావడం నాకు ముచ్చటేసింది.

దీనికి మందు కూడా అయస్కాంతమే ఇచ్చింది. యాంటీబాడీ తొడిగిన రేణువులను ముందే నమూనా అంతటా కలిపేస్తారు. కోట్ల రేణువులు ద్రవమంతా నిండి ఉంటాయి కాబట్టి ట్రోపోనిన్ ఎక్కడున్నా పక్కనే ఒకటి దొరుకుతుంది. తర్వాత అడుగున అయస్కాంతం పెట్టి అన్నింటినీ సెన్సర్ మీదకు లాక్కొస్తారు. అంటుకున్నవి అంటుకుంటాయి, మిగతావాటిని పైన ఇంకో అయస్కాంతంతో వెనక్కి లాగేస్తారు. ఫిలిప్స్ కంపెనీ చేతిలో పట్టే ట్రోపోనిన్ పరికరం ఈ లాగుడుతోనే నడిచింది. వాళ్లు జీఎంఆర్‌తో మొదలుపెట్టి చివరకు రేణువులను చూడటానికి మాత్రం కాంతినే వాడుకున్నారు. రేణువును అయస్కాంతంతో కదిలించడం అంత పనికొచ్చింది మరి.

ఇప్పుడు అసలు గుమ్మం దగ్గరకు వచ్చాం. ట్రోపోనిన్ చుక్క కూడా లేని నమూనా పోసి చూడండి. సెన్సర్ సున్నా చూపదు. కొన్ని రేణువులు ట్రోపోనిన్ లేకుండానే ఉపరితలానికి ఊరికే అంటుకుంటాయి. ఈ తప్పుడు అతుకుడు ఎంత ఉందో, అది ఒక్కోసారికి ఎంత మారుతోందో, అదే ఆ పరీక్షకు అట్టడుగు. అంతకన్నా తక్కువ ఉన్న ట్రోపోనిన్‌ను ఏ సెన్సరూ నమ్మకంగా చెప్పలేదు. ఇక్కడ రొద కరెంటులో లేదు, రసాయనంలో ఉంది, తాళం వేసి లాభం లేదు. దీనికి ప్రయోగశాలల్లో వాడే మందు వింటే నవ్వొస్తుంది. ఖాళీగా ఉన్న జాగాలన్నీ ముందే ఏదో ఒక చవక ప్రోటీన్‌తో నింపేస్తారు. ఆవు నెత్తురు నుంచి తీసిన ఆల్బుమిన్ వాడతారు. ఒక్కోసారి వెన్న తీసిన పాలపొడి, అవును, అంగట్లో దొరికే పాలపొడే! నా మటుకు నేను చెప్పేదేమిటంటే, ఈ రంగంలో ఇక సెన్సర్ పదును పెంచినంత మాత్రాన ఒరిగేది తక్కువ. మంచి యాంటీబాడీ, శుభ్రమైన ఉపరితలం, ఇవే అడుగును కిందకు దించుతాయి. భౌతికశాస్త్రం వాళ్లు ఈ మాట అంత సులువుగా ఒప్పుకోరు.

ఇంకొకటి, మన ఎండలు. రేణువుల వల్ల నిరోధంలో వచ్చే మార్పు పది లక్షలకు కొన్ని వంతులు మాత్రమే ఉండొచ్చు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే లోహపు పొరల నిరోధం వెయ్యింటికి ఒక వంతు సుమారుగా మారుతుంది. ఏసీ ల్యాబులో 22 డిగ్రీల దగ్గర చక్కగా పనిచేసిన పెట్టెను మే నెలలో రెంటచింతల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెడితే అది కొలిచేది ట్రోపోనిన్‌ను కాదు, ఎండను. అందుకే చిప్పు మీద యాంటీబాడీ లేని జత సెన్సర్లను కూడా పెట్టి, వాటి లెక్కను తీసివేస్తారు. సంకేతంలోనే వేడి వాటాను కనిపెట్టి సరిదిద్దే పద్ధతులూ వచ్చాయి. మన ఊళ్లకు రావలసిన పరికరానికి ఈ గుణం ముందుండాలి.

కాబట్టి పేపర్లో 'ప్రపంచంలోనే అతి సునిశిత సెన్సర్' అని వార్త వస్తే రెండు విషయాలు చూడండి. ఆ అంకె ఉప్పునీటిలో వచ్చిందా, నెత్తురులో వచ్చిందా? ఎంతసేపట్లో వచ్చింది? ఈ రెండూ రాయకపోతే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

సునిశితత్వం పెరిగితే డాక్టర్లకు కొత్త తలనొప్పి కూడా వచ్చింది. పాత ట్రోపోనిన్ పరీక్షల్లో ఆరోగ్యవంతుల్లో ఏమీ కనబడేది కాదు, ఉందంటే గుండెపోటే అనుకునేవారు. ఇప్పటి సునిశిత పరీక్షల్లో ఆరోగ్యవంతుల్లో సగానికి పైగా మందికి ఎంతో కొంత కనబడుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లలో, మారథాన్ పరిగెత్తి వచ్చినవాళ్లలో పెరుగుతుంది. అందుకే ఒక్కసారి చూసి తేల్చరు, గంట నుంచి మూడు గంటల్లో మళ్లీ తీసి, పెరుగుతోందా తగ్గుతోందా చూస్తారు, ఈసీజీతో కలిపి చదువుతారు. మరో మాట, గుండెపోటు మొదలైన తొలి గంటలో ట్రోపోనిన్ ఇంకా లేవకపోవచ్చు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పడితే గ్యాసేమోలే అని కూర్చోకండి, ల్యాబుకు తీసుకెళ్లి ట్రోపోనిన్ చేయించి చూద్దామనీ అనుకోకండి. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆస్పత్రికి చేర్చండి.